మందుల పిల్ల మళ్లీ లేస్తుందని

చచ్చిన ఆడపిల్లను బతికించడానికి లక్ష మంది రాక్షసులను ఒంటిచేత్తో మట్టికరిపించిన మొనగాడు ఫిల్మ్ నగర్ మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. పేరు రఘునందన్. సినిమాల్లో హీరోలకు డూప్. మేడ మీంచి దూకేది అతను, లేచి జుట్టు సవరించుకునేది హీరో.

బడి రోజుల్లో బోరబండ నుంచి నడిచి స్నేహితుడు కౌస్తుభ్ ఇంటికి వచ్చేవాడు. కౌస్తుభ్ తండ్రి డబ్బింగ్ మాటలు రాసేవాడు. వాళ్లింట్లో టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా ఉండేది. డిస్క్ జపాన్‌ది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! తనకు జపనీస్ వచ్చన్నాడు కౌస్తుభ్. తెర మీద అక్షరాలు పడినంతసేపూ తెలుగులో కథ చెప్పేవాడు. డబ్బింగ్ ఇంటి బిడ్డ, పెదవులు కదలని బొమ్మలకూ గొంతులు మార్చి మరీ చెప్పేవాడు.

కథ సగంలో, గాయాలు మాన్పే మందుల పిల్ల చచ్చిపోయింది. రఘుకు అన్నం సహించలేదు.

"ఏడవకురా. మన హీరో లెవెల్ తొంభై తొమ్మిదికి తెస్తే లేస్తుందని ఇక్కడ రాశాడు" అన్నాడు కౌస్తుభ్.

ఇక ఎండాకాలం సెలవులన్నీ రఘు ఆటలోని చిత్తడి అడవిలోనే, లెవెల్ పెరగడం కోసం ఎదురొచ్చినవాటినల్లా చంపుతూ గడిపాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. ఇంకొంచెంలో అయిపోతుందనగా జ్వరం పట్టుకుంది. తగ్గి వెళ్లేసరికి డిస్క్ విరిగిపోయిందన్నాడు కౌస్తుభ్. పాపం, ఆ పిల్ల తన జ్వరం వల్లే లేవలేదని రఘు ఇన్నేళ్లూ కుమిలాడు.

ఈమధ్య ఆ ఆటే ఇంగ్లీషులో ఫోన్‌లోకి వచ్చింది. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆడి తొంభై తొమ్మిది చేశాడు. పిల్ల లేవలేదు. నేరుగా కౌస్తుభ్ ఆఫీసుకు వెళ్లాడు. ఇప్పుడు కౌస్తుభ్ మాటల రచయిత, చుట్టూ అసిస్టెంట్లు.

"ఆమె లేస్తదని రాసుందంటివి గదరా?"

"నాకు జపనీస్ ఎక్కడిదిరా బాబూ!" పడీపడీ నవ్వాడు కౌస్తుభ్. "లెవెల్ పెంచాలంటే నాకు నిద్రొచ్చేది. నువ్వు మానేస్తే ఎవడు కొడతాడు?"

"మరి డిస్క్ ఇరిగిందంటివి?"

"నీకు జ్వరం కదా, ఆఖరి రాక్షసుణ్ణి నేనే లేపేశా. ఆట అయిపోయిందంటే నువ్వు గోల చేస్తావని..."

కౌస్తుభ్ రఘు భుజం మీద చెయ్యేసి అసిస్టెంట్ల వైపు తిరిగాడు.

"వీడెవరనుకున్నారు? నా కోసం లక్ష మంది రాక్షసుల్ని చంపాడు!"

రఘు ఆ చెయ్యి తీసేసి అసిస్టెంట్లకు చెప్పాడు.

"రాక్షసులు గాదు సార్, కప్పలు. గవి గూడ ఆమె కోసం కొట్టిన, ఈయన కోసం గాదు."