చివరిదాకా చూసినా సార్

మా సార్ పోయినారని ఫోన్ వచ్చినప్పుడు నేను హిందూపురం స్టేషన్లో బెంగళూరు రైలు కోసం నిలబడి ఉన్నాను. చేసింది పాలిటెక్నిక్‌లో నా పక్కన కూర్చున్న స్నేహితుడు. పొద్దున టీ తాగుతా తాగుతానే ఒరిగిపోయినారంట. మీకు అబద్ధం చెప్పి ఏం లాభం, ఇది రాసేదే అందుకు. ఆ మాట వినంగానే నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. హమ్మయ్య, ఇంక నన్నెవరూ అడగరు అనిపించింది. తర్వాత సిమెంటు బెంచీ మీద కూలబడి ఏడ్చినాను. నిజమే. కానీ ముందు వచ్చింది ఆ హమ్మయ్యే. ఛీ, ఏం బతుకు నాది.

సార్ పుట్టింది ధర్మవరంలో, మగ్గాలుండే ఇంట్లో. మాకు హిందూపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పినారు. రిటైరైనాక పెనుకొండలో చిన్న ఇల్లు కట్టుకోని ఉండిపోయినారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, ఒకటి తనకు, ఒకటి పెన్ను తేని పిల్లోళ్ళకు. ఇచ్చిన పెన్ను తిరిగి అడిగేవారు కాదు గానీ, మూత పోగొడితే వారం రోజులు దెప్పేవారు. నేను రెండు మూతలు పోగొట్టినాను.

ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే చిన్న ముక్క, ఇంకోదాన్ని పిలుస్తుంది, అది మరోదాన్ని పిలుస్తుంది. ఎవరు ఎవరిని పిలిచినారో మిషన్ ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకుంటుంది. దాన్నే స్టాక్ అంటారు. మా ఊరు రొద్దం నుంచి బస్సెక్కి వచ్చే నా బుర్రకు ఇది బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కలేదు. సార్ మమ్మల్నందరినీ వరండాలో వరసగా నిలబెట్టినారు. ఒకడు ఇంకొకణ్ణి పిలవాల, పిలిపించుకున్నోడు పిలిచినోణ్ణి గుర్తుపెట్టుకోవాల. చివరివాడి దగ్గర మొదలుపెట్టి, నిన్ను పిలిచిందెవరని వెనక్కి అడుగుతా వచ్చినారు. నా వంతు వచ్చేసరికి నేను మర్చిపోయినాను. ఊరికే నోటికొచ్చిన పేరు చెప్పినాను. అక్కడినుంచి వరసంతా తప్పింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది, సార్ నవ్వలేదు.

"తెల్దంటే తప్పు కాదబ్బీ. తెలిసినట్ల చెప్తే, ఎవురో ఒగరు దాన్ని నమ్ముకోని నడుస్తారు" అన్నారు.

ఆ మాట నాకు నోటికి వచ్చు. వచ్చి ఏం చేసినాను?

చదువైనాక బెంగళూరులో ఒక కంపెనీలో చేరినాను. మా పని కెర్నల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికన్నా లోపలుండే ముక్కతో. కొన్ని మిషన్లు ఒక్క నిమిషం కూడా ఆపేదానికి లేదు. అవి నడుస్తా ఉండంగానే కెర్నల్‌లో చెడ్డ ఫంక్షన్ తీసి మంచిది పెట్టాల. పెట్టేముందు, ఏ పనైనా ఆ పాత ఫంక్షన్ మధ్యలో ఉందేమో చూసుకోవాల. అందుకని ఒక్కో పని స్టాకునూ చివరిదాకా చదవాల. మధ్యలో ఎవరు పిలిచినారో దొరక్క దారి తెగితే ఊహించకూడదు. నమ్మేదానికి లేదని చెప్పి ఆగిపోవాల. ఇదంతా నేను ఫోన్లో అర్ధగంట చెప్తే సార్ ఒక్క ముక్కలో తేల్చేసినారు. మనిషి గుంతలో కాళ్ళు పెట్టుకోని నేస్తా ఉండంగా మగ్గం గుంత పూడ్చకూడదు, అంతే కదా అన్నారు. అంతే.

ఈ కెర్నల్ రాసేవాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎవరు మార్పు రాసినా అందరూ చదివే మెయిల్ లిస్టుకు పంపాల. వేరే ఒకరు దాన్ని చదివి, బాగుందనుకుంటే, కింద 'చూసినవారు' అని తమ పేరు పెడతారు. ఆ పేరే పూచీ. రిటైరైన సార్‌కు ఈ పని మీద ప్రాణం. కోడ్ ప్రింటు తీసుకోని వరండాలో కూర్చోని, వేలు పెట్టి ఒక్కో వరస చదివేవారు. మూడు ప్రశ్నలైనా అడగనిదే పేరు పెట్టేవారు కాదు. ముఖం ఎరగనివాళ్ళు ఏ దేశం నుంచో ఆయన్ను చూసిపెట్టమని అడిగేవారు. అమ్మ, అంటే సార్ భార్య, మేమంతా అమ్మా అనే పిలుస్తాం, ఉగ్గాని ప్లేటు తెచ్చి పక్కన పెడితే అది చల్లారిపోయేదాకా ఆయనకు సోయి ఉండేది కాదు.

ఒక కొత్త రకం ప్రాసెసర్ మీద స్టాక్ చదివే కోడ్ నేను రాసినాను. ఏదైనా అర్జెంటు పని మధ్యలో అడ్డం వస్తే అక్కడ దారి తెగిపోతా ఉండింది. ఎంత తన్నుకున్నా దొరకలేదు. పై వారమే ఇవ్వాలని మేనేజర్ నెత్తిన కూర్చున్నాడు. తెగిన చోట 'నమ్మేదానికి లేదు' అని రాస్తే సరిపోయేది, కానీ అట్లా రాస్తే పని కానట్టు లెక్క. అందుకని తెగిన చోట స్టాకులో కనిపించిన అడ్రసును పట్టుకోని, పిలిచింది ఇదే అయ్యుంటుందిలే అని ముందుకు పోయేటట్టు రాసినాను. సార్‌కు పంపినాను. ఆ రకం మిషన్ ఆయన దగ్గర లేదు. ఫోన్ చేసి సరిగ్గా అదే అడిగినారు, మధ్యలో అడ్డం వచ్చినప్పుడు కూడా పోతాందా అని.

"చివరిదాకా చూసినా సార్" అన్నాను.

"నువ్వు సూసినావు గదా. సాలు" అన్నారు. పేరు పెట్టినారు.

కొన్ని నెలలకు, ఒక చోట మిషన్లు నడుస్తా నడుస్తా వరసగా పడిపోయినాయి. కారణం నా ఊహే అని రెండు రోజుల్లో తేలింది. లిస్టులో ఒకాయన కొంచెం వెటకారంగానే రాసినాడు, దీన్ని చూసినవారు నిజంగా చూసినారా అని. నేను జవాబు టైపు చేస్తా, కొట్టేస్తా, మళ్ళీ టైపు చేస్తా ఉన్నాను. ఇంతలో సార్ జవాబు వచ్చేసింది. చూడాల్సింది నేను, చూడలేదు, తప్పు నాది అని మూడు ముక్కలు. నా పేరు ఎత్తలేదు. నేను రాసేది కొట్టేసి క్యాంటీన్‌కు పోయినాను. నా కోడ్‌ను వెనక్కి తీసేసినారు. ఆ తర్వాత సార్‌ను చూసిపెట్టమని ఎవరూ అడగలేదు, ఆయనా ఇంక ఎవరిదీ చూడలేదు.

నేను మాత్రం పెనుకొండ పోవడం మానలేదు. పళ్ళు తీసుకోని పోయేది, వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడేది, వచ్చేసేది. నేను చెప్పులేసుకుంటా ఉంటే సార్ గేటుదాకా వచ్చి, ఇంకేమన్నా ఉండాదా అబ్బీ అని అడిగేవారు. ఏం లేదు సార్ అనేవాణ్ణి. రెండేండ్లు అట్లే గడిచింది.

పెద్దకర్మ అయిపోయినాక ఒక ఆదివారం పోయినాను. అమ్మ వరండాలో చాటలో బియ్యం చెరుగుతా ఉంది. ఎదురుగా కింద కూర్చోని అంతా చెప్పేసినాను. చూడకుండానే చూసినానని చెప్పిన మాట, సార్ నా తప్పు మీదేసుకుంటే నోరు మూసుకున్న మాట, అన్నీ. అమ్మ చెరగడం ఆపలేదు.

"ఆయనకు తెలుసులేప్పా. ఆ మిషన్లు పడిపోయినప్పుడే బెంగళూరునుంచి ఆ రకం మిషన్ తెప్పించుకోని సూసినాడు. అడగరాదా పిల్లోణ్ణి అంటే, అడిగితే ఎవురైనా ఒప్పుకుంటారే, అడక్కుండా వాడే చెప్పల్ల అన్న్యాడు. నువ్వొచ్చి పోయినప్పుడల్లా, ఈసారీ చెప్పల్యా అని ఆ పూట కూడు సరిగా తినేటోడు కాదు."

అని, లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చిచ్చింది. తిట్టింటే బాగుండేది.

ఇంటికొచ్చి ఆ కోడ్ మళ్ళీ రాసినాను. పెద్దగా ఏం లేదు. దారి తెగిన చోట ఊహించకుండా 'నమ్మేదానికి లేదు' అని చెప్పి ఆగిపోతుంది, అంతే. పైన వివరం రాసే చోట, అప్పుడు నేను అబద్ధం చెప్పినానని, మా సార్ నా మాట నమ్మి పేరు పెట్టినారని, ఈ తప్పు ఉందేమోనని ముందే అడిగింది కూడా ఆయనేనని రాసి, లిస్టుకు పంపినాను. పాతది చెరిగిపోదు. కోడ్ వెనక్కి తీసేసినా, కెర్నల్ మార్పుల చరిత్రలో ఒకసారి ఎక్కింది ఎవరూ తీసెయ్యలేరు. నా అబద్ధం కింద ఆయన పేరు అట్లే ఉంటుంది.

పంపి మూడు వారాలైంది. చాలామంది చదివినట్టే ఉన్నారు, ఒకరిద్దరు సార్ గురించి రెండు మంచి మాటలు కూడా రాసినారు. నా పేరు కింద 'చూసినవారు' అని ఉండాల్సిన వరస మాత్రం ఖాళీగా ఉంది. పెట్టమని నేను ఎవరినీ అడగలేదు.