నేరేడుచెట్టుకు కట్టిన వెల

గుమ్మడిదల దగ్గర మా పొలం గట్టున ఉన్న నేరేడుచెట్టును నాన్న ఏ రోజున నాటాడో ఎక్కడా రాసిలేదు. ఆ వెలితి నన్ను చాలాకాలం బాధించింది. అందుకే కార్బన్ క్రెడిట్ల కంపెనీ మనిషి వచ్చి, ఛాతీ ఎత్తున దాని కాండానికి టేపు చుట్టి, చుట్టుకొలతను ఫోన్లో ఎక్కించి, నంబరు రేకు బిగించినప్పుడు, టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. మా చెట్లు పీల్చుకునే కర్బనాన్ని లెక్కగట్టి ఆ కంపెనీ ఫ్యాక్టరీలకు అమ్ముతుంది; అవి దాన్ని తమ పొగకు చెల్లుగా చూపుకుంటాయి. అందులో మాకు వాటా. ఉమ్మడి పొలం కనుక పెద్దవాడిగా సంతకం నాది.

తమ్ముడికి మొదటినుంచీ ఇది గిట్టలేదు. మా గట్టు మీద నిలబడితే మందుల ఫ్యాక్టరీ చిమ్నీ ఎదురుగానే కనిపిస్తుంది.

"పొగకు ధర పెడితేనే వాళ్లకు తగ్గించే బుద్ధి పుడ్తది," అన్నాను. "ఇన్నేండ్లు మొత్తుకున్నం. మన చేతుల ఒక్క అంకె లేకపాయె, ఎవడు విన్నడు?"

"ధర కట్టినోడు ఎందుకు తగ్గిస్తడే అన్నా? కొనుక్కున్న, నా ఇష్టం అంటడు. పొగగొట్టం వాళ్లది, కావలి మనది."

ప్రభుత్వం పొగకు పరిమితి పెట్టి, దాన్ని ఏటేటా కుదిస్తే ధర పెరుగుతుందని, అప్పుడు తగ్గించక తప్పదని వివరించాను. వాడు చిమ్నీ వైపు చూసి, "జెర దానికి చెప్పు," అన్నాడు.

ఈ వేసవిలో తమ్ముడి బిడ్డ పెళ్లి కుదిరింది. మా ఇంట్లో ఏ పెళ్లికైనా పచ్చి పందిరి మీద పరిచేది ఆ చెట్టు కొమ్మలే. తమ్ముడు గొడ్డలి తీస్తుంటే ఒప్పందంలోని షరతు గుర్తుచేశాను: అనుమతి లేనిదే కొమ్మ కొట్టరాదు. కంపెనీ మనిషికి ఫోన్ చేశాను. అనుమతి పైనుంచి రావాలన్నాడు, ఎప్పుడొస్తుందంటే చెప్పలేకపోయాడు. ఒప్పందం ముగిసే తేదీ మాత్రం కాగితం మీద స్పష్టంగా ఉంది. నా వయసుతో కలిపి చూసుకున్నాను. ఆ తేదీని నేను చూడను.

తమ్ముడు గొడ్డలి నా చేతిలో పెట్టాడు. "నువ్వే కొట్టు. సంతకం పెట్టిన చెయ్యే గద."

చెట్టు కింద నిలబడ్డాను. కొడితే మాట తప్పినవాణ్ణి. కొట్టకపోతే ఆ పిల్లకు పెదనాన్నను కాను. పొగ ఎప్పటిలాగే మా వైపు వంగి వస్తోంది. చివరికి గొడ్డలి తెచ్చి ఇంటిగోడకు ఆనించాను.

పెళ్లినాడు పందిరి నిండుగా, పచ్చగా ఉంది. ఎవరి చెట్టు కొమ్మలని అడిగాను.

"సంతకం పెట్టనోళ్లయి," అన్నాడు తమ్ముడు, కుర్చీ నా వైపు జరుపుతూ. "కూసో అన్నా. నీడకైతే ఇంకా ఎవడు టేపు పెట్టలే."