మావయ్యని చంపిన లేసు కార్డు

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క కష్టం, చెప్పుకోడానికి ఏ కష్టమూ లేకపోవడం. డిగ్రీ అయిపోయి రాజోలు దగ్గర మా ఊళ్ళో ఇంటిపట్టున ఉన్నాను. నాన్నగారిది టీచరు ఉద్యోగం, ఇంటి చుట్టూ పాతిక కొబ్బరిచెట్లు, మూడు పూటలా కడుపునిండా తిండి. ఇలాంటి బతుకు ఎవరికైనా బాగానే ఉంటుంది గానీ, నాలాగా స్ఫూర్తి నవలలు రోజుకొకటి చొప్పున నమిలేసేవాళ్ళకి మహా నామోషీగా ఉంటుంది. ఆ నవలల్లో నాయికకి మొదటి పేజీలోనే ఇల్లు కూలిపోతుంది, నలభయ్యో పేజీలో బంధువులు గెంటేస్తారు, ఆఖరి పేజీలో ఆమె చేతిపని చూసి ఊరంతా లేచి చప్పట్లు కొడుతుంది. నన్నెవరూ గెంటరే, నేనెప్పుడు పైకి రావాలి అని నిజంగానే దిగులుపడేదాన్ని. (మా అమ్మ "ఆ గిన్నెలు తోము, పైకొస్తావు" అనేది. ఆ మాటలో స్ఫూర్తి నాకు అప్పట్లో కనపడలేదు.)

ఈ పుస్తకాల జబ్బు నాకు అంటించింది మా పెద్ద మావయ్య. అంటే మా నాన్నగారి అక్క భర్త. రెండు వీధుల అవతల ఇల్లు. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మా అత్తయ్య లేసు అల్లేది. మా వైపు చర్చి ఉన్న ప్రతి పేటలోనూ ముందునుంచీ ఆడవాళ్ళకి ఈ పని వచ్చు. అల్లిక సూదీ, తెల్లదారం ఉండా చేతికిస్తే కబుర్లు చెబుతూనే టేబుల్ గుడ్డ తయారుచేసి పెడతారు. అత్తయ్య పద్ధతి మాత్రం వేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మావయ్య పడక్కుర్చీలో కూర్చుని నవల పైకి చదవాలి, ఆవిడ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని అల్లాలి. ఒక అధ్యాయానికి నాలుగు పువ్వులు. కథ మంచి పట్టులో ఉంటే అయిదు. ఏడుపు ఘట్టమైతే మూడే, అవి కూడా బిగుసుకుపోయేవి. ఈ గుడ్డకి ఎన్నాళ్ళు పట్టిందత్తయ్యా అని అడిగితే "రెండు నవలలు పట్టిందే" అనేది.

మావయ్యకి ఇంకో గుణం ఉంది. కోనసీమ అంటే ఆయనకి ప్రాణం. పుస్తకంలో ఏ ఊరున్నా చదివేటప్పుడు మార్చేసేవారు. ఆయన నోట్లో పడిన ప్రతి నాయికా కొత్తపేటలో పుట్టేది, అమలాపురంలో చదివేది, ఓడలరేవు ఇసకలో కూర్చుని ఏడ్చేది, మళ్ళీ అమలాపురం వచ్చి గెలిచేది. ఒక నవలలో మంచు కురిసే ఘట్టం వచ్చినా ఆయన వెనక్కి తగ్గలేదు. "ఆ ఏడు రాజోల్లో మంచు పడింది" అని చదివేసి పేజీ తిప్పారు. పదేళ్ళ వయసులో నేను కొత్తపేట వెళ్ళినప్పుడు ఒక కిరాణా షాపాయన్ని పట్టుకుని ఫలానా నాయిక ఇల్లెటండీ అని అడిగాను. ఆయన మంచి మర్యాదస్తుడు. "ఆయ్, ఈమధ్యే ఇల్లు మారిపోయేరమ్మా" అన్నాడు. లోకంలో గొప్పవాళ్ళంతా మా రెండు గోదావరి పాయల మధ్యే పుడతారని కాలేజీకి వెళ్ళేదాకా నమ్మాను. ఇప్పటికీ ఆ నమ్మకం పూర్తిగా పోలేదనుకోండి.

సరే, నేను నాయికని అవ్వాలంటే చేతిపని ఉండాలి కదా. నాకు రాదు, అత్తయ్యకి వచ్చు. ఆవిడ లేసులు నేను అమ్ముతానన్నాను. నాన్నగారు చాలాసేపు ఆలోచించి, "జూన్ దాకా చూస్తానమ్మా. అప్పటికి ఇది నిలబడితే సరే, లేకపోతే రాజమండ్రిలో బ్యాంకు కోచింగులో చేరాలి" అన్నారు. రాజమండ్రి, కోచింగు, బ్యాంకు: ఈ మూడు మాటలున్న స్ఫూర్తి నవల నేనింతవరకూ చదవలేదు. ఇంక నాకు నిద్ర పట్టలేదు. కొత్తగా కొన్న ఫోన్లో 'కోనసీమ అల్లిక' అని ఒక పేజీ తెరిచి, లేసుల్ని పచ్చటి అరిటాకు మీద పరిచి ఫొటోలు పెట్టాను. చుట్టాలందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. మా పిన్ని అయితే రోజూ పెట్టేది. కొన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

అప్పుడే విజయవాడలో ఉన్న నా కాలేజీ స్నేహితురాలు ఒక చేతిపనుల ప్రదర్శనలో బల్ల తీసుకుంటున్నానని చెప్పింది. నా లేసులూ పంపమంది. ఈసారి ఊరికే లేసు పంపితే లాభం లేదు, లేసుతోపాటు ఒక కథ కూడా పంపాలి అనుకున్నాను. ఒక్కోదానికీ చిన్న కార్డు కట్టి, దాని మీద అత్తయ్య జీవితం రాద్దామని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, అడ్డం ఎక్కడుందో. మావయ్య! పెన్షనొచ్చే భర్త పడక్కుర్చీలో కాలు మీద కాలేసుకుని నవల చదువుతుంటే పక్కన లేసు అల్లుకునే ఆవిణ్ణి చూసి ఎవరు స్ఫూర్తి పొందుతారు? పావుగంట పెన్ను కొరికాను. ఆ తర్వాత మావయ్యని చంపేశాను.

ఊరికే చంపలేదు. నాకూ ఆయనంటే గౌరవం ఉంది. ఓడలరేవు దగ్గర తుఫాన్లో ఆరుగురు పిల్లల్ని ఒడ్డుకి చేర్చి, ఏడో పిల్లకోసం వెనక్కి వెళ్ళి, పిల్లని పడవలోకి అందించి తను కెరటంలో కలిసిపోయినట్టు రాశాను. ఆ దుఃఖాన్ని అత్తయ్య దారంలో పోసి అల్లుతోందని ముగించాను. రాస్తూ రాస్తూ నేనే ఏడ్చాను. (మర్నాడు ఆయన ఎదురుపడి "ఏమ్మా, కళ్ళు ఉబ్బేయేంటి?" అంటే జలుబని చెప్పాను.) కార్డు కింద మా ఊరి చిరునామా, నా ఫోను నంబరు కూడా వేశాను. అన్నీ కట్టి పంపితే, నమ్మండి, రెండ్రోజుల్లో ఒక్క లేసు మిగల్లేదు.

వారం తిరక్కుండా విజయవాడ నుంచి ఒకావిడ ఫోను చేసింది. బట్టల షాపు నడుపుతోందట. నలభై టేబుల్ గుడ్డలు కావాలంది. నలభై! నాన్నగారి జూన్ నా కళ్ళముందు తోక ముడిచి పారిపోయింది. అప్పుడావిడ మెల్లిగా, "ముందు నేను మీ అత్తయ్యగారిని చూడాలమ్మా. శుక్రవారం వస్తున్నాను. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి" అంది. "అంత శ్రమ మీకెందుకండీ, వద్దండీ" అన్నాను. ఆవిడ దాన్ని వినయం అనుకుంది.

నా ఏర్పాటు నేను చేసుకున్నాను. మావయ్యకి కళ్ళజోడు బిగువు తగ్గిందని గురువారం నుంచే పాట మొదలుపెట్టి, శుక్రవారం పది గంటల బస్సుకి అమలాపురం వెళ్ళి సరిచేయించుకు రమ్మని గొడుగిచ్చి మరీ సాగనంపాను. అత్తయ్యకి, "షాపావిడ ఒకరు వస్తున్నారు, నువ్వు అల్లుతూ కూర్చో, మాట్లాడ్డం నేను చూసుకుంటాను" అని మాత్రం చెప్పాను. ఆవిడ సరేనంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. పదిన్నరకి వీధి మలుపులో ఒక గొడుగు కనిపించింది. గొడుగు కింద ఎవరో పట్నం ఆవిడ. ఆవిడకి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని, తను ఎండలో నడుస్తూ మా మావయ్య!

బస్సు స్టాపులో ఆవిడ దిగి చిరునామా అడిగింది ఈయన్నేనట. తుఫాన్లో భర్తని పోగొట్టుకుని లేసు అల్లుకుంటున్న తల్లి ఇల్లెక్కడండీ అని కార్డంతా చదివి వినిపించిందట. ఈయన అంతా విని, "దయచేయండి, నేను చూపిస్తాను" అని అమలాపురం బస్సు వదిలేసుకుని తీసుకొచ్చారు. తన ఇంట్లోకే వస్తూ అరుగు దగ్గర ఆగి, చెప్పులు విప్పి, పరాయివాడిలా దగ్గారు. లోపలికి చూసి, "అమ్మగారండీ, మీకోసం విజయవాడ నించి వచ్చేరండి" అన్నారు. అత్తయ్య తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కొబ్బరిబొండాం కొట్టుకొస్తాను, రావే కోడలుపిల్లా" అని ఆయన నన్ను పెరట్లోకి లాక్కుపోయారు. ఆయన కత్తి అందుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"ఏడో పిల్ల దొరికిందా?"

"మావయ్యా, తప్పయిపోయిందండి..."

"అది తర్వాత. దొరికిందా లేదా? ఆవిడ చదువుతుంటే అక్కడే లారీ అడ్డమొచ్చింది."

"దొరికిందండి. పడవలోకి అందించేరు."

"అందించేకే పోయేనా?"

"ఆయ్."

ఆయన కత్తి కిందికి దించారు. "బాగా రాసేవే" అన్నారు. "ఓడలరేవులో పెట్టడం ఇంకా బాగుంది." మరి ఆవిడకి నిజం చెప్పలేదేంటండీ అన్నాను. "ఎండలో అంత దూరం నించి వచ్చిన మనిషి. మొహం మీద మీరు పొరపాటు పడ్డారండి అంటే మర్యాదేనా? ముందు నీళ్ళు తాగనీ" అన్నారు. ప్రపంచంలో ఇంకెక్కడైనా మనిషి అతిథి నొచ్చుకుంటుందని చచ్చిపోయి ఉంటాడా, నాకైతే తెలీదు.

మేము లోపలికి వచ్చేసరికి ఆవిడ గోడమీద ఫొటో ముందు నిలబడి ఉంది. అది మావయ్య రిటైరైన రోజు తీసింది, మెడలో ఇంత లావు దండ. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఫొటోని చూసింది, బొండాం అందిస్తున్న మావయ్యని చూసింది. "మీకు ఆయన పోలికలు బాగా ఉన్నాయండి" అంది. "ఆయ్, అందరూ అంటారండి" అన్నారు మావయ్య. నేను దూలం కేసి చూశాను, అది నా నెత్తిన పడితే బాగుండునని.

దూలం పడలేదు. ఆవిడ నేల మీదే, అత్తయ్య ఎదురుగా కూర్చుని, కార్డు తీసి మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. అత్తయ్య చేతులు అలవాటుగా అల్లుకుపోతున్నాయి. ఆరుగురు పిల్లల దగ్గర సూది ఇంకా జోరుగా ఆడింది. కెరటం దగ్గరికి వచ్చి, కార్డులో పేరు రాకపోయినా 'హెడ్మాస్టరుగారు' అన్న మాట రాగానే, సూది ఆగింది. అత్తయ్య నాకేసి చూసింది. అరిచినా బాగుండేది.

"ఆపండమ్మా" అంది. "ఈయనే మా ఆయనండి. భేషుగ్గా ఉన్నారు. ఈయన చదువుతుంటే వింటూ అల్లుతానండి. అంతకుమించి నాకే కథా లేదు." తర్వాత నా వైపు తిరిగి, "ప్రతి ఆదివారం మోకాళ్ళ మీదుండి ఈయన ఆయుష్షు అడుక్కుంటాను. నువ్వు కార్డు మీద చంపేసి అమ్ముకున్నావంటే?" అంది. మావయ్య మెల్లిగా, "చిన్నపిల్ల, పోనీలెద్దూ" అన్నారు. "మీరు మాట్లాడకండి, పోయినోళ్ళు" అంది అత్తయ్య.

విజయవాడ ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. కార్డు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "మా నాన్న పోయి ఏడాదైందండి" అంది. "అమ్మ మంచం దిగేది కాదు. ఈ లేసు తీసుకెళ్ళి, ఈ కార్డు చదివి వినిపించాను. అంత కష్టంలో ఆవిడ అల్లుతోంది కదా అని మర్నాడు లేచి కుట్టుపెట్టె తీసింది. ఆవిణ్ణి చూసి రమ్మని నన్ను పంపింది కూడా అమ్మే. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పమంటారు?"

ఆ క్షణంలో నాకు నలభై గుడ్డలూ గుర్తు లేవు, జూనూ గుర్తు లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అత్తయ్య మాత్రం, "ఇది చెప్పాల్సింది మీరు కాదండి" అంది. "ఫోను కలపండి. రాసిన పిల్లే చెబుతుంది."

కలిపారు. అవతల ముసలి గొంతు, "చూశావా అమ్మా ఆవిణ్ణి? ఎలా ఉంది?" అంది. నేను ఎవరో చెప్పాను. కార్డు రాసింది నేనేనని చెప్పాను. తుఫాను లేదు, పడవ లేదు, అత్తయ్య భర్త పోలేదు, నా ఎదురుగా కొబ్బరిబొండాం పట్టుకుని నిలబడ్డారు, అమ్ముడుపోవాలని అబద్ధం రాశాను, క్షమించండి అని ఒక్క ఊపిరిలో చెప్పి కళ్ళు మూసుకున్నాను. అవతల ఏదో టక్కుమంది. కుట్టుపెట్టె మూసేస్తోందేమో అనుకున్నాను.

"ఉన్నారా?" అంది ఆవిడ. "నిజంగా ఉన్నారా?"

"ఉన్నారండి."

"ఎంత చల్లటి మాట చెప్పావు తల్లీ. పోన్లే, ఒక్కరైనా వెనక్కి వచ్చారు."

అంతే, అందరం ఏడ్చాం. మావయ్య కూడా ఏడ్చారు. తను బతికి ఉన్నందుకు ఆయన ఏడవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుని, అల్లుతున్న గుడ్డ ముడేసి, డబ్బులొద్దని చెప్పి ఆ తల్లికి పంపింది. నలభై గుడ్డల మాట షాపావిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. జూన్లో నేను రాజమండ్రి వెళ్ళాను, కోచింగులో చేరాను, బ్యాంకు ఉద్యోగం కూడా వచ్చింది. నా కౌంటరు ముందు ఎవరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టరు గానీ, టోకెను పిలిస్తే మాత్రం లేస్తారు.

నవలలు ఇప్పటికీ చదువుతాను. కాకపోతే పూర్వంలా కుదరడం లేదు. కథలో మంచివాడైన మొగుడు తుఫాను వేళ పడవెక్కుతున్నాడంటే చాలు, నాకు భయం పట్టుకుంటుంది. పుస్తకం బోర్లించి ఫోను తీస్తాను. అవతల మావయ్య నేనెందుకు చేశానో అడగరు, ఎవరు పోబోతున్నారో కూడా అడగరు.

"ఆయ్, ఉన్నానమ్మా" అంటారు.