చౌడమ్మ ఆవుకు రెండు ఫోటోలు

కర్ణాటకలో బాగేపల్లి నుంచి చింతామణికి పోయే దారి పొడుగునా చౌడమ్మను ఎరగనివాళ్ళు తక్కువ. ఆమె చేత తిట్లు తిననివాళ్ళు ఇంకా తక్కువ. ఆమె కంట నీరు చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. భర్త సీనప్ప పోయిన రోజున కూడా, పాడె వంకరగా కట్టారని మోసేవాళ్ళను నిలబెట్టి తిట్టి, విప్పించి మళ్ళీ కట్టించిన మనిషి.

సీనప్ప పోయాక ఆమెకు మిగిలింది లచ్చి అనే సీమావు, పొద్దున్నే పాల డైరీ ముందు వరసలో ఒక చోటు. ఆ చోట్లో క్యాను పట్టుకుని నిలబడి, డైరీ సెక్రెటరీ అమరేష్ మొదలుకొని కురవని మబ్బు దాకా అందరి సంగతీ తేల్చేది. ఆవు ఉంటేనే ఆ చోటు, ఆ చోటు ఉంటేనే చౌడమ్మ.

లచ్చికి ఇన్సూరెన్స్ చేయించింది అమరేషే. అతను కొత్త ఫోను కొన్న రోజులవి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, కనపడిన ప్రతిదాన్నీ ఫోటో తీసేవాడు. లచ్చిని ఎర్రమట్టి పూసిన గోడ ముందు నిలబెట్టి, ఫోనును నిలువుగా పట్టుకుని ఒకటి తీశాడు. చెవికి వేసిన పసుపు బిళ్ళ మీది నంబరు కనపడేలా ఇంకొకటి తీశాడు. రెండూ కంపెనీకి పంపితే, ఏ అడ్డూ లేకుండా పాలసీ వచ్చేసింది. డబ్బు కట్టించుకునేటప్పుడు కంపెనీవాళ్ళు ఫోటోల జోలికి పోరు, అది వాళ్ళ మర్యాద.

వానలు పడి పచ్చిమేత విపరీతంగా మొలిచిన కాలంలో లచ్చి కడుపు ఉబ్బి, తెల్లవారేసరికి చచ్చిపోయింది. పశువుల డాక్టరు వచ్చి చూసి సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఆవు మొత్తం ఫోటోలో పడాలని అమరేష్ ప్రహరీ గోడెక్కి, ఫోనును నేలవైపు బోర్లా పట్టుకుని తీశాడు. చౌడమ్మ ఆ రోజూ ఏడవలేదు. గుంత లోతు చాలలేదని తవ్వినవాళ్ళను తిట్టి, ఇంకా తవ్వించింది.

తరవాత అమరేష్‌ను వెంటబెట్టుకుని చిక్కబళ్ళాపుర ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోయింది. అక్కడి మేనేజరు లోకేశ్ కంప్యూటరులో ఇన్సూరెన్స్ నాటి ఫోటో, చచ్చాక తీసిన ఫోటో పక్కపక్కన తెరిచి, మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, తెరను ఆమె వైపు కూడా కొంచెం తిప్పాడు.

"చూడమ్మా, ఇన్సూరెన్స్ చేసిన దినం నీ ఆవు నాలుగు కాళ్ళూ ఒక పక్కకు చాపుకొని పడుండాది. అంటే అప్పటికే సచ్చిపోయిండాది. సచ్చినాక తీసినామని మీరిచ్చిన ఫోటోలో చక్కంగా నిలబడుకోనుండాది. అంటే బతికుండాది."

"ముందు సచ్చి, ఆమైన బతికిందా?"

"అది నన్ను అడగొద్దమ్మా. సిస్టంలో అట్లే ఉండాది."

"డాక్టరు రాసిచ్చినాడు కదప్పా."

"డాక్టరు మనిషి కదమ్మా, పొరపాటు పడతాడు. ఫోటో అబద్ధం చెప్పదు."

చెవి బిళ్ళ ఫోటో కూడా అడ్డంగానే ఉంది. నంబరు చదవడానికి లోకేశ్ మెడను భుజం మీదికి వాల్చి, అంకెలన్నీ సరిచూసుకుని, "నంబరు సరిగ్గానే ఉండాది" అని మెడను మళ్ళీ నిటారుగా పెట్టుకున్నాడు. నంబరు చూడటం ఆయన పని. ఆవును చూడటం ఎవరి పనో ఆ ఆఫీసులో ఎక్కడా రాసిలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం కూడా కాదు ఆయన, ఫోటో ఉంటే ఎద్దుకు పాలు కూడా పితికిస్తాడు.

అమరేష్ బాగేపల్లిలో ఫోన్లు బాగుచేసేవాణ్ణి అడిగి, వారం తిరక్కుండా అసలు సంగతి కనుక్కొచ్చాడు.

"అక్కా, ఫోను నిలువుగా పట్టుకున్నా అది ఫోటోను అడ్డంగానే దాచిపెడతాదంట. చూపేటప్పుడు తిప్పి చూపమని లోపల చీటీ మాదిరి ఒకటి రాసి పెడతాది. మన ఫోన్లు ఆ చీటీ చూసి తిప్పుకొంటాయి. ఆఫీసు కంప్యూటరు చీటీ చూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టే పెడతాది. అదీగాక బోర్లా పట్టి తీస్తే, ఏది పైనో ఏది కిందో ఫోనుకే తెలీదంట. ఏదో ఒకటి రాసి పారేస్తాది."

"రాసిన చీటీ ఆఫీసోళ్ళు చదవకపోయేది నీ ఫోనుతోనే మొదలాయనా?" అంది చౌడమ్మ.

అమరేష్ రెండు ఫోటోలనూ సరిగ్గా తిప్పి, కొత్తగా దాచి తీసుకుపోయాడు. ఇప్పుడు బతికిన ఆవు నిలబడింది, చచ్చిన ఆవు పడుకుంది. లోకేశ్ వాటిని చూసి, ఇవి ఎవరో దిద్దిన ఫోటోలు, ఒరిజినల్ కావు, చెల్లవన్నాడు. ఒరిజినల్ తప్పుగా ఉన్నా చెల్లుతుంది, సరిచేసింది నిజమైనా చెల్లదు. ఇంత సూటిగా నడిచే ఆఫీసులు మన జిల్లాలో ఎక్కువ లేవు.

కొన్నాళ్ళకు చౌడమ్మ ఫోనుకు కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. అమరేష్ చదివి వినిపించాడు. మీ పశువు ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషం, గడువు దగ్గరపడింది, పాలసీని తప్పక పునరుద్ధరించుకోండి అని ఉంది.

చౌడమ్మ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అమరేష్‌కు అందుకే భయం వేసింది.

మర్నాడు పొద్దున ఆమె ఖాళీ పాల క్యాను తోమి, డైరీ వైపు కాకుండా బస్సు వైపు నడిచింది. అమరేష్ డైరీ తాళం వేసి వెంటపడ్డాడు. చిక్కబళ్ళాపురలో దిగి, ఆఫీసులో కౌంటరు ముందర క్యాను పెట్టుకుని కూర్చుంది.

"ఇదేందమ్మా?" అన్నాడు లోకేశ్.

"నా ఆవు మీ పెట్టెలో బతికుండాదంట కదప్పా. మీరే మేపుకుంటాండారు, మంచిదే. పొద్దుటి పాలు పోయండి, పోతాను."

"అట్లా మాట్లాడితే ఎట్లమ్మా?"

"సచ్చిన బర్రె కుండెడు పాలిచ్చేదని మా అవ్వ చెప్తా ఉండె. నవ్వులాటకనుకొంటి. అది యాడ ఇస్తాదో తెలీకపాయ. మీ ఆఫీసులోనే అని ఇప్పుడు తెలిసింది. సాయంత్రం పాలకూ ఇక్కడే ఉంటాను."

పనుల మీద వచ్చినవాళ్ళు మూగారు. ఏమిటా ఆవు చూద్దామంటే లోకేశ్ మొదటి ఫోటో తెరిచాడు, అందరూ తెరలోకి తొంగిచూశారు. ఒకాయన తల పక్కకు వాల్చి, "నిలబడుకోనుండాది కదా సార్, వెనక గోడ చూడండి" అన్నాడు. పక్కనున్న ఆమె వాల్చింది. ఆమె వెనకాయన వాల్చాడు. అన్ని తలలు ఒక పక్కకు వాలి ఉంటే ఒక్క తల నిటారుగా ఉండటం కష్టం. లోకేశ్ తల కూడా మెల్లగా భుజం మీదికి వాలింది. ఆ వాలులోనే ఆయనకు ఆవు కనపడింది. రెండో ఫోటో తెరిచి అలాగే చాలాసేపు చూశాడు.

చివరికి ఒక కాగితం మీద రాసి, ముద్ర వేసి, కన్నడంలో ఉన్నది ఆమెకు తెలుగులో చదివి వినిపించాడు. "పరిశీలించినాము. ఆవు సచ్చిపోయిన మాట నిజమే."

చౌడమ్మ క్యానును ఒళ్ళోకి తీసుకుంది. అందరూ చూస్తుండగానే భోరున ఏడ్చింది. అమరేష్‌కు ఏం చేయాలో తోచక ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇంకేందమ్మా, నువ్వు అడిగినట్టే రాసిస్తిని కదా. కొత్తావు కొనుక్కోవచ్చు" అన్నాడు లోకేశ్, బిత్తరపోయి.

"అవునప్పా, రాసిస్తివి" అంది ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "అది సచ్చిపోయిందని మీతో కొట్లాడేదే సరిపాయ. ఇన్ని దినాలూ ఏడ్చేదానికి తీరికే లేకపాయ."