బోర్డు దించిన మధ్యాహ్నం

మా ముత్తాత వరంగల్ మిర్చి వర్తకుల్లో మొదట గద్దె వేసి దుకాణం తెరిచినవాళ్లలో ఒకడు. మా తాత ఆ బజారు తగవులు తీర్చే పెద్దమనిషి, ఆయన వచ్చి కూర్చునేదాకా ఇరుపక్షాలూ నోరు విప్పేవి కావు. మా నాయన ఆ పేరును పాతికేళ్లు మోసి, చివరకు తన చేతులతోనే కిందికి దించినవాడు. మగపిల్లలు లేని ఆ ఇంటికి పెద్ద కూతుర్ని నేను. ఇప్పుడు మడికొండలో మూడో అంతస్తు ఫ్లాటులో మనవరాలి దగ్గర ఉంటున్నా, మీది ఎవరిల్లమ్మా అని ఎవరైనా అడిగితే ఆ బజారు పేరే చెబుతాను.

మొన్న ఆదివారం ఆ పిల్ల తన ఆఫీసులో ఏదో పదాల పోటీ ఉందని ఫోన్లో నిఘంటువు తెరిచి, ‘బోర్డు’ అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో చదివి వినిపించింది. మొదట అది కోసిన చెక్క పలకట. పలకను కాళ్ల మీద నిలిపితే భోజనం బల్ల అయిందట. ఆనక బల్ల మీది తిండికే ఆ పేరు పాకిందట, హాస్టళ్లలో బోర్డింగు అనేది అందుకేనట. బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేసే పెద్దలకూ అదే పేరట. ఓడ అంచును చెప్పే వేరే పాత మాట ఒకటి వచ్చి ఇందులో కలిసిపోయింది కాబట్టే విమానం ఎక్కడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారట. వింటూ నవ్వుకున్నాను. మన కాలం వాళ్లకు ఈ మాట బడిలో నల్లబోర్డుగా మొదలై, బోర్డు పరీక్షగా భయపెట్టి, క్యారంబోర్డుగా వేసవి సెలవులన్నీ మింగేసింది కదా. అయితే మా బజారుకు ఇంకొక అర్థం తెలుసు. దివాలా తీసిన వర్తకుడు తెల్లవారకముందే దుకాణం బోర్డును గోడవైపు తిప్పేసి ఊరు దాటిపోయేవాడు. పొద్దున్నే వచ్చిన రైతుకు ఉత్త చెక్క కనిపించేది. ‘బోర్డు తిప్పేసిండు’ అన్న మాట ఒకసారి పడితే ఆ ఇంటివాళ్లు మళ్లీ ఆ బజారులో తలెత్తి నడవడమంటూ ఉండేది కాదు.

రెండేళ్లు వరసగా అకాల వానలకు గిడ్డంగిలో మిర్చి తడిసి బూజు పట్టాక నాయన దుకాణం మూసేయాలని నిశ్చయించుకున్నాడు. నేనప్పటికి డిగ్రీ ముగించి ఆయన పక్కన గద్దె మీద కూర్చుంటున్నాను. మిర్చితో వచ్చే పల్లెల వాళ్లు పాలకుర్తి గుట్ట మీది గుడికో, దవాఖానకో పోతూ తమకు విలువైనవి మూటగట్టి మా ఇంట్లో దాచిపోవడం ముత్తాత నాటి ఆనవాయితీ. ఆ ముడి మేం విప్పకూడదన్నది ఒక్కటే నియమం. ఆఖరి మూట కూడా దాని మనిషి చేతికి చేరాక, మిట్టమధ్యాహ్నం, బజారంతా చూస్తుండగా బోర్డు దించుతానని నాయన అందరికీ చెప్పాడు. బండ్ల వాళ్లతో కబురు పంపితే పదిహేను రోజుల్లో ఒక్కొక్కరే వచ్చి పట్టుకుపోయారు. ఒక్కటి మిగిలింది. నీలం గుడ్డలో కట్టిన చిన్న మూట, ములుగు అవతలి పల్లెలో ఉండే ఒక ముస్లిం అవ్వది. మూడుసార్లు కబురు పంపినా ఆమె రాలేదు.

బజారు ఊరుకుంటుందా. మూట సాకుతో రోజులు నెట్టి ఓ పొద్దున చెప్పకుండా పోతాడని ఎదుటి అరుగుల మీద అనుకునే మాటలు మా చెవిన పడుతూనే ఉన్నాయి. దుకాణం కొంటానన్న ఇనుప సామాను వ్యాపారి వచ్చి, శుక్రవారం దాకా చూస్తానని, ఆపైన తన దారి తాను చూసుకుంటానని చెప్పి, లేస్తూ లేస్తూ చనువుకొద్దీ అన్నాడు.

“గా ఒక్క మూటకేనా సేటూ గింత ఫికర్? జర ఇప్పి చూడు, పాత చీరె పేలికలే ఉంటయి.”

“ఏమన్న ఉండనీ. ముడి నాది గాదు,” అన్నాడు నాయన.

మర్నాడు పొద్దున నేనే బయలుదేరాను. ఒక్కదానివి ఆ అడవి ఊళ్లకు ఎట్లా పోతావని అమ్మ అడ్డుపడితే, మన పేరు అక్కడ ఉండిపోయింది, తెచ్చుకుంటానని చెప్పి, మూట ఒళ్లో పెట్టుకుని ములుగు దాకా బస్సులో, అక్కడినుంచి కిక్కిరిసిన జీపులో, చివరి రెండు మైళ్లు కాలినడకన పోయాను. ఆమె బతికి లేదేమోనన్నదే దారిపొడుగునా నా భయం. తీరా చూస్తే ఇంటిముందు ఇప్పపువ్వు ఎండబోసుకుంటూ నిక్షేపంగా ఉంది. నా చేతిలో నీలం గుడ్డ చూడగానే ముఖం పక్కకు తిప్పుకుంది. కబుర్లు అందలేదా అంటే, మూడూ అందాయంది.

“నా మూట మీ ఇంట్ల ఉన్నన్ని దినాలు మీ నాయిన బోర్డు దించడని నాకెర్కే బిడ్డా. గందుకే రాలే. నేనొస్తెనే గదా దుకాణం బందయ్యేది.”

కోప్పడబోయినదాన్ని అక్కడే మట్టిలో చతికిలబడ్డాను. మా బజారులో ఒక్కరికీ తోచని సాయం ఆమె అంత దూరాన కూర్చుని చేస్తున్నాననుకుంది. అదే మా మెడకు చుట్టుకుంటోందని ఆమెకు ఎవరు చెప్పాలి? అరుగుల మీది మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పువ్వు ఏరుతున్న చేయి ఆగిపోయింది.

“నువ్వు తీస్కోకపోతే మేం తిప్పినోళ్లమైతం అవ్వా. తీస్కుంటె దించినోళ్లమైతం,” అన్నాను.

చేతులు కొంగుకు తుడుచుకుని రెండు చేతులా అందుకుంది. ముడి విప్పి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోమన్నాను, అదీ మా ఆనవాయితీయే.

“మీ ఇంట్ల పెట్టినదాన్ని చూస్కుంటరా ఎవలన్న?” అంటూ లోపలికి పట్టుకుపోయింది. అందులో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం హమాలీలను వద్దని నాయనే నిచ్చెన ఎక్కాడు. అరుగుల మీది వాళ్లు లేచి నిలబడ్డారు. నిచ్చెన కింద పట్టుకున్నది నేను.

ఈమధ్య మా మనవరాలి ఆఫీసు పక్కన ఒక కంపెనీ మూతపడితే, అందులో పనిచేసేవాళ్లకు ఆ సంగతి ఫోన్లో మెసేజిగా తెలిసిందట. తిప్పడానికి అక్కడ ఒక చెక్క ముక్కైనా లేదు, దించే మనిషి ముఖం చూడటానికీ లేదు. ఎవరి ఇంట్లోనూ ఇంకొకరి మూట ఉండని రోజుల్లో మూసేయడం ఇంత తేలికే అవుతుంది కాబోలు. మాటలకు ఇంకా కొత్త అర్థాలు పుడతాయని ఆ పిల్ల అంటోంది, పుట్టనీ. దించడానికీ తిప్పడానికీ మధ్య ఉన్న తేడా మాత్రం నేనున్నన్నాళ్లూ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూనే ఉంటాను.

దుకాణం, దాని వెనుక రెండు గిడ్డంగులు ఆ శుక్రవారం సాయంత్రమే ఇనుప సామాను వ్యాపారికి రాసిచ్చాం. ఇల్లు ఆ మరుసటి ఏడు అమ్మాం.