ఫొటోలో మూసిన నోరు, టేపులో నా గొంతు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది జరగకముందు లేదు, జరిగిన తర్వాతా లేదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లలో సగం మంది నాకు దయ్యం పట్టిందన్నారు, మిగతా సగం నేను అబద్ధం ఆడుతున్నానన్నారు. ఆ రెంటిలో ఏదీ ఒప్పుకోకుండానే ఇది రాయాలని కూర్చున్నాను.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పెదవులు కదుపుతాను తప్ప గొంతు బయటికి రాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. ఆ రోజు రాసుకున్న పేజీలు పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. జరిగి నాలుగేళ్లయింది.

మా ఊరు ఖమ్మం. నాన్న ఒక మిషన్ దవాఖానాలో కాంపౌండరు. ఆ దవాఖానాకు పోలియో వచ్చిన పిల్లలకు కాళ్ల వ్యాయామం నేర్పడానికి జర్మనీ నుంచి హెల్గా అనే ఆమె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. లకారం చెరువుకు ఎదురుగా ఒక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుంది. పుస్తకం చూసి తెలుగు నేర్చుకుంది కాబట్టి అందరినీ 'గారూ' అనేది, జీపు డ్రైవరును కూడా.

సెలవు రోజున ఆమె ఇంట్లో కూర్చునేది కాదు. తోడు ఒక ఆడపిల్ల కావాలంటే, ఇంగ్లీషు పుస్తకాలు చదువుతానని నాన్న నన్ను పంపాడు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. హెల్గాకు అదేమీ పట్టలేదు. నేను రెండు మాటలు చెబితే మిగిలిన పది ఆమే ఊహించుకునేది.

అలా రెండేళ్లు తిరిగాం. పొద్దున్నే చెరువు కట్ట మీద నడక. ఖిల్లా ఎక్కి, పైన ఫిరంగి పక్కన కూర్చుని పులిహోర తినడం. నేలకొండపల్లిలో ఇటుకల స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగి, ఒక్కో ఇటుక పొడవు ఆమె జేనతో కొలుచుకోవడం. సినిమా హాల్లో ఆడవాళ్ల బెంచీల మీద కూర్చుని, ఏడుపు సీన్లో ఆమె అందరికన్నా ముందు ఏడవడం. భద్రాచలం గుడి, పర్ణశాల, లాంచీలో పాపికొండలు. ఖమ్మంలో పుట్టిన నేను ఇవన్నీ చూసింది ఒక పరదేశి వెంటే.

రెండో వేసవిలో భద్రాచలం అవతల అడవి ఊళ్లలో భూమి పండుగ జరుగుతుందని ఆమె ఎక్కడో విని, చూడాలంది. వానలకు ముందు విత్తనాల కోసం కోయవాళ్లు చేసే పండుగ అది. ఆ రోజుల్లో మగవాళ్లు అడవిలోకి వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి, వచ్చే బండినల్లా ఆపుతారు. ఏదైనా ఇవ్వాలి, లేదా దిగి వాళ్లతో ఆడాలి. అప్పుడే వెదురు ఎత్తుతారు.

మేం దవాఖానా జీపులో వెళ్లాం. నడిపింది యాదగిరన్న. పట్టపగలు, ఎండ నడినెత్తికి వచ్చే వేళ. రెండు పక్కలా టేకు చెట్లు ఆకులన్నీ రాల్చి నిలబడ్డాయి. ఒక మలుపు తిరగ్గానే వెదురు అడ్డం వచ్చింది. దాని వెనక పది పన్నెండు మంది ఆడవాళ్లు.

ఒకామె యాదగిరన్న కిటికీలోకి తల పెట్టింది. "వేటకు పోయే దినాన ఆడోళ్ల బండి తోలుతున్నవేందయ్యా? పేడనీళ్లు తెమ్మంటవా?"

"నేను ఖమ్మమోన్ని తల్లీ, నాకు వేట రాదు. నన్నిడిసిపెట్టుర్రి," అని అతను స్టీరింగు మీదికి వంగిపోయాడు. అందరూ ఒకటే నవ్వు.

హెల్గా అప్పటికే దిగింది. కొత్త క్యాసెట్టు కవరు చింపి, టేపురికార్డరులో వేసి, ఎర్ర మీట నొక్కి జీపు బానెట్ మీద పెట్టింది. తను దాని పక్కనే కెమెరా పట్టుకుని నిలబడింది. నేను వెనక సీట్లో నక్కి కూర్చున్నాను. ఇద్దరు ఆడపిల్లలు నా చెయ్యి పట్టుకుని లాగారు. నా ఈడువాళ్లే.

వరసలో నన్ను మధ్యన పెట్టి, అటూ ఇటూ నడుం చుట్టూ చేతులు వేశారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అదే అందుకుని పాడుతూ, రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి. అవి కోయ మాటలు. నాకు ఒక్కటీ తెలియదు. కాళ్లు కలిపాను, అంతే. సిగ్గుతో నోరు బిగించుకున్నాను. పక్కనున్న పిల్ల నా బుగ్గ పొడిచింది.

"ఏందే పిల్ల, నోట్లె బెల్లం పెట్టుకున్నవా? తెరువు జర!"

నేను తెరవలేదు. ఆ సంగతి నాకు గట్టిగా గుర్తుంది, ఎందుకంటే తెరవనందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఆ మాటే ఆ రోజు డైరీలో రాసుకున్నాను: 'అక్కడ కూడా పాడలేకపోయాను.'

పాట ఎత్తుకుంటున్నది వరస చివరనున్న ముసలామె అనుకున్నాను. నా తల వంగే ఉంది, ఆమె ముఖం చూడలేదు. కాసేపటికి జీపులో తెచ్చుకున్న అరటిపళ్ల గెల వాళ్లకిచ్చి, వెదురు ఎత్తించుకుని ముందుకు పోయాం. ఆ దారిన వింతగా జరిగింది ఏదీ లేదు. చీకటి పడకముందే తిరిగి భద్రాచలం చేరాం.

మరుసటి ఆదివారం హెల్గా మేడ మీద టేపు పెట్టింది. టీ తాగడానికి అమ్మ కూడా వచ్చింది. చెరువు మీంచి గాలి వస్తుంటే కిటికీ రెక్కలు మూశాం, పాట సరిగ్గా వినిపించాలని.

ముందు నవ్వులు, యాదగిరన్న బతిమాలడం. తర్వాత పాట. ఎత్తుకునే గొంతు వినగానే అమ్మ కప్పు కింద పెట్టి నావైపు తిరిగింది.

"కరుణా, నువ్వా?"

అది నా గొంతు. తన గొంతు తనకు టేపులో వేరేగా వినిపిస్తుందంటారు. నాకు అలా అనిపించలేదు. జ్వరం వచ్చినప్పుడు అమ్మను పిలిచే గొంతు, తమ్ముణ్ణి విసుక్కునే గొంతు, 'స' అనేటప్పుడు పంటి సందులోంచి వచ్చే చిన్న ఈల కూడా అదే. ఆ గొంతు కోయ పాట తడబడకుండా పాడుతోంది. ఇంకో సంగతి, వెంట పాడేవాళ్ల గొంతులు దూరంగా, పది అడుగుల అవతలినుంచి వస్తున్నట్టున్నాయి. వరస నిలబడింది అంత దూరంలోనే కాబట్టి అది సరే. ఎత్తుకునే గొంతు మాత్రం రికార్డరుకు నోరు ఆనించి పాడినట్టు దగ్గరగా ఉంది.

హెల్గా టేపు ఆపింది. ఆమె ముఖం ఎర్రబడింది. "మీకు కోయ భాష వచ్చు. రెండు సంవత్సరాలు నాతో తిరిగారు. నాతో ఎందుకు దాచారు?"

'మీరు' అంది. అంతకుముందు నన్నొక్కదాన్నే 'నువ్వు' అనేది.

నేను పాడలేదన్నాను. ఆమె మళ్లీ టేపు పెట్టింది. మళ్లీ నా గొంతే పాడింది.

దవాఖానాలో లచ్చుమమ్మ అనే ఆయా ఉండేది. చర్ల దిక్కు కోయ మనిషి. ఆమెను పిలిచి వినిపించాం. పాటలో దాపరికమేమీ లేదంది. దారికి అడ్డం నిలబడ్డాం, ఎవరి పిల్లవో చెప్పి పో అని పాడతారట. తర్వాత నావైపు అదోలా చూసింది.

"గొంతు నీదే బిడ్డా. మాట మాత్రం మా ఊళ్ల మాట కాదు. గుట్టల మీదోళ్లు గిట్లంటరు. గుట్ట మీదికి ఎప్పుడు పోయినవ్?"

నేను గుట్ట మీదికి ఎప్పుడూ పోలేదు.

వారం తిరక్కుండా దవాఖానా అంతా తెలిసిపోయింది. మందుల కిటికీ దగ్గర నన్ను చూసి ఆడవాళ్లు మాటలు ఆపేవారు. మా చర్చి సంఘపెద్ద దానియేలు తాతయ్య మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మంచివాడే, నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెప్పే పని నాకు ఇచ్చిందీ ఆయనే.

"చూడమ్మా, రెండే దార్లు. నువ్వే సరదాకు పాడిన అంటవా, ఆదివారం ఆరాధన అయినంక నిలబడి ఒక్క మాట ఒప్పుకో, అయిపోతది. పాడలే అంటవా, మరి నీలోంచి ఎవరు పాడిన్రు? అప్పుడు ప్రార్థన పెట్టాలె, ఆ క్యాసెట్ కాలబెట్టాలె. ఈ రెండిట్ల ఏదీ కాదంటే ఆదివారం బడి పిల్లల్ని నీకాడికి పంపరు. దొరసానమ్మ వెంట తిరుగుడు కూడ బంద్."

ఆయన వెళ్లాక అమ్మ నా పక్కన చాప మీద కూర్చుంది. "ఒక్క మాటనే కదనే. నేనే పాడిన అను. నీ సొమ్మేం పోతది?"

"నేను పాడలే అమ్మా."

"నాకు తెలుసే నువ్వు పాడలేవని. పుట్టినకాన్నుంచి చూస్తున్న. అయినా అను."

ఆ మాట నన్ను నిజంగా బాధపెట్టింది. అమ్మ నన్ను నమ్ముతోంది, నమ్ముతూనే అబద్ధం ఆడమంటోంది. నాన్న పేపరు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

శనివారం సాయంత్రం హెల్గా మా ఇంటికి వచ్చింది. మా వాకిట్లోకి ఆమె రావడం అదే మొదలు. చేతిలో స్టూడియో వాళ్ల కవరు. అందులోంచి ఒక ఫొటో తీసి నా ముందు పెట్టి, రికార్డరు ఆడించింది.

పాట నడుమ, ఎత్తుకునే గొంతు పాడుతుండగా 'టిక్' అని కెమెరా చప్పుడు. వెంటనే రీలు వెనక్కి చుట్టిన గరగర. ఆ చుట్టిన చప్పుడు మీదుగానే గొంతు పాడుతూ పోయింది. ఆ రీలులో చివరి ఫొటో అదే. అది తీయగానే రీలు అయిపోయిందని, అక్కడే నిలబడి వెనక్కి చుట్టానని హెల్గాకు గుర్తుంది. అంటే ఆ ఫొటోలో ఉన్నది, నా గొంతు పాట ఎత్తుకుంటున్న ఆ క్షణమే.

ఫొటోలో వరస అంతా ఉంది. మధ్యలో నేను, పెదవులు బిగించి, నేలచూపులు. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ల నోళ్లు కూడా మూసే ఉన్నాయి, తమ వంతు కోసం ఆగినట్టు. చివరనున్న ముసలామె పెదవుల మధ్య వెలుగుతున్న చుట్ట. పొగ కూడా కనిపిస్తోంది. ఆ ఫొటోలో పాడుతున్న మనిషి ఒక్కరూ లేరు.

హెల్గా రికార్డరు ఆపింది. "నన్ను క్షమించు," అంది. క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టింది. "గొంతు నీది. ఏం చేయాలో నువ్వు చెప్పు."

ఫొటో చూపిస్తే దానియేలు తాతయ్య నమ్ముతాడేమో అనుకున్నాను. ఆ రాత్రే చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూసి, ఫొటో వెనక్కి ఇచ్చేశాడు. "అయితే మరీ చెడ్డది. ప్రార్థన పెట్టాల్సిందే," అన్నాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. చర్చి తలుపులు తెరిచే ఉన్నాయి, ఎండ మూడో బెంచీ దాకా వచ్చింది. ఆయన నా పేరు పిలిచాడు. ముందు బల్ల మీద ఇత్తడి పళ్లెం, పక్కన అగ్గిపెట్టె. అమ్మ నా కొంగు పట్టుకుని, వదిలేసింది.

నేను లేచాను. క్యాసెట్టు నా చేతిలోనే ఉంది.

"ఇందులో ఉన్నది నా గొంతు," అన్నాను. "పాడింది నేను కాదు. పాడిన అని చెప్తే అబద్ధమైతది. నాలో ఎవరో ఉన్నరని చెప్తే అది కూడ అబద్ధమే. నాలో నేను తప్ప ఎవ్వరు లేరు. నాకు తెల్వనిదాన్ని తెల్వదనే చెప్త. ఇది కాలబెట్టడానికి ఇయ్య."

బయట జీపు దాకా వినిపించిందని తర్వాత యాదగిరన్న చెప్పాడు. అతను మా సంఘంవాడు కాదు. అక్కడే నిలబడి విన్నాడట.

దానియేలు తాతయ్య అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. నాకు ఆదివారం బడి మళ్లీ ఇవ్వలేదు. ఆ నష్టం చిన్నదేమీ కాదు, ఆ పిల్లలంటే నాకు ప్రాణం. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం పెడుతూ, "అంత గొంతు ఎక్కడ దాచిపెట్టినవే?" అంది.

హెల్గా వెంట మరో ఏడాది తిరిగాను. ఎవరు ఆపినా ఆగలేదు. ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది, ఉత్తరాలు రాస్తుంది. ప్రతి ఉత్తరంలో ఏదో ఒక కారణం కనిపెడుతుంది. ఒకసారి టేపు తేడా అంటుంది, ఒకసారి ఫొటోలో కనబడని ఎవరో చెట్టు చాటున పాడి ఉంటారంటుంది. చెట్టు చాటు మనిషికి నా గొంతు ఎలా వచ్చిందో, ఆ గొంతు బానెట్ పక్కకు ఎలా చేరిందో ఆమె రాయదు. నేనూ అడగను. నాకు మాత్రం ఏం తెలుసు?

క్యాసెట్టు నా దగ్గరే ఉంది. ఏడాదికి ఒకసారి పగటిపూట, తలుపులన్నీ తీసిపెట్టి వింటాను. భయం వేయదు. ఎవరి పిల్లవో చెప్పి పో అని నా గొంతు అడుగుతూనే ఉంటుంది. అడిగేది ఎవరో నాకు తెలియదు. తెలియదనే చెబుతాను, ఎవరు వచ్చి ఎన్నిసార్లు అడిగినా.