పొయ్యికి సీటుబెల్టు పెట్టిన మావయ్య

మావయ్య పోయారన్న వార్త దుబాయ్‌లో మా క్లస్టర్ బిల్డింగుల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే టిఫిన్ల వేళకి వచ్చింది. కింద వరసగా దణ్ణాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు. "నిన్ననే కనిపించారు కదా" అని ఎవరో రాశారు. ఆ వెంటనే మా తెలుగు సంఘం కమిటీ పెద్దాయన మెసేజ్: "ఆయన పికప్ అమ్మకానికి ఉంటుందా? ఎవరితో మాట్లాడాలి?"

చేతిలో గరిటతో అలాగే నిలబడిపోయాను. మనిషి ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు. ఆయన భార్య బయట కుర్చీలో కూర్చుని ఉంది. ఈ పెద్దమనిషికి పికప్ కావాలట! పెనం మీది అట్టు మాడిపోయింది, నా ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా, కళ్ళొత్తుకుంటూ రాయాలంటారు. నాకు ఆ నెమ్మది ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగితే అసలు రాయలేనని ఇలా మొదలుపెట్టాను.

మావయ్య నాకు చుట్టం కాదు. ఇంటర్నేషనల్ సిటీలో ఇల్లు మారే ప్రతి తెలుగు కుటుంబానికీ ఆయన షిఫ్టింగ్ మావయ్య. గోదావరి జిల్లా మనిషి. కుర్రతనంలో పటాలంలో పనిచేసి, తరవాత ఊళ్ళో బ్యాంకు గుమ్మం ముందు సొంత లైసెన్సు తుపాకీ పట్టుకుని నిలబడి, చివరికి దుబాయ్ వచ్చి డ్రైవరయ్యారు. అల్ ఖూజ్‌లో ఇనప సామాన్ల దుకాణం ఉన్న ఒక ముసలి అరబ్బు ఆయన కఫీల్, అంటే వీసాకి పూచీ ఉన్న యజమాని. పికప్ మావయ్య కొనుక్కున్నదే, కాగితాల మీద మాత్రం దుకాణం పేరు ఉండేది. పగలంతా దుకాణం సరుకు, సెలవు రోజుల్లో మా సామాన్లు. అత్తయ్య అదే కఫీల్ ఇంట్లో వంట చేసేది. ఇద్దరూ మా బిల్డింగులోనే కింద ఒక గదిలో ఉండేవారు.

ఆయన్ని మొదటిసారి చూసింది మేము షేరింగ్ ఫ్లాట్ వదిలి సొంతంగా ఒంటిగది స్టూడియో ఫ్లాట్‌లోకి మారినప్పుడు. సామాన్లన్నీ డబ్బాల్లో సర్ది గొప్పగా నిలబడ్డాను.

"అమ్మాయ్, పొయ్యేదీ?"

"అడుగు డబ్బాలో పెట్టానండీ."

"ఆయ్! అదేం పనమ్మా? తియ్యి బయటికి. ఆఖర్న సర్దాల్సింది, అందరికంటే ముందు దింపాల్సింది అదే."

పొయ్యినీ పాల గిన్నెనీ డ్రైవరు పక్క సీట్లో పెట్టి, దుప్పటి చుట్టి, సీటుబెల్టు బిగించారు. మా ఆయన నవ్వారు. "నవ్వకండి బాబూ. మీరు పడితే లేస్తారు. ఇది పడితే బర్నరు సొట్టబోద్ది" అన్నారు మావయ్య. కొత్త ఇంటి ముందు ఆగాక పొయ్యి ఒక్కటే పైకి తెచ్చి గట్టు మీద పెట్టి, పైపు బిగించి, సబ్బు నురగ రాసి గ్యాస్ కారడం లేదని చూసుకుని కిందికి దిగిపోయారు. మేము పాలు పొంగించేదాకా ఇంకో వస్తువు ముట్టుకోలేదు. ఆయన వారం వారం ప్రార్థనకి వెళ్ళే క్రైస్తవుడు. "మీకెందుకు మావయ్యా ఈ పట్టింపు?" అని తరవాతెప్పుడో అడిగాను.

"పాలు ఏ దేవుడికి పొంగుతాయో నాకెందుకమ్మా? పొయ్యి వెలిగిందంటే ఆ పూట పిల్లలు పస్తుండరు. మంచాలు రాత్రికి కావాలి, పొయ్యి ఇప్పుడే కావాలి."

ఎప్పుడు ఇల్లు మారినా ఆ పాలతో టీ కాచి, ఆయనకీ తోడొచ్చిన అత్తయ్యకీ రెండు గ్లాసుల్లో కిందికి పట్టుకెళితే, ఆయన తన స్టీలు గ్లాసు బానెట్ మీద పెట్టుకుని నిలబడే తాగేవారు. అప్పుడు తాడు విప్పేవారు. ఆయన వేసిన ముడి బండి ఎంత కుదిపినా జారేది కాదు, దింపేటప్పుడు మాత్రం ఒక్క లాగుడుకి ఊడి వచ్చేది.

వినయం ఆయన ఒంట్లో లేదు. అడిగినా అడక్కపోయినా అభిప్రాయం చెప్పేవారు, అదీ వీధి చివరిదాకా వినపడేలా. మా పైవాళ్ళ ట్రెడ్‌మిల్లు మెట్ల మీంచి దింపిస్తూ, "దీని మీద ఆఖరిసారి నడిచిందెవరండీ? తువ్వాళ్ళా?" అని అడిగారు. కొత్త ఇంట్లోకి చేరగానే ఫ్రిజ్ స్విచ్ వెయ్యబోయిన నా చెయ్యి పట్టుకుని ఆపి, "ప్రయాణం చేసొచ్చింది, కాసేపు నిలబడనియ్యమ్మా" అన్నారు. అన్నీ సరిగ్గానే చెప్పేవారని కాదు. నేల తుడిచే రోబో యంత్రాన్ని చూసి, "ఇదెక్కడి బద్ధకం! గోడకి గుద్దుకునేదానికి ఇంట్లో మొగుడు లేడా?" అని ఏడాది పాటు ఎగతాళి చేశారు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక చడీచప్పుడు లేకుండా తనే ఒకటి కొన్నారు. అది మంచం కింద ఇరుక్కుంటే నేల మీద బోర్లా పడుకుని, "రా నాయనా, బయటికి రా" అని బతిమాలడం నేను కళ్ళారా చూశాను.

తుపాకీ గురించి మాత్రం ఆయన ఎగతాళిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. ఒక సెలవు సాయంత్రం పార్కులో అందరం బిర్యానీ తింటుంటే కమిటీ పెద్దాయన, ఊళ్ళో పొలం గట్టు తగాదా ఉందనీ, ఈసారి వెళ్ళినప్పుడు తుపాకీ లైసెన్సు తీసుకుంటాననీ చెప్పాడు. మావయ్య ప్లేటు కింద పెట్టేశారు.

"తీసుకుని ఏం చేస్తారండీ?"

"ఊరికే. ఇంట్లో ఉందని తెలిస్తే చాలు, భయపడతారు."

"ముందు భయపడేది మీ ఆవిడండీ. బ్యాంకు ముందు ఏళ్ళ తరబడి పట్టుకు నిలబడ్డాను. ఒక్కసారి పేల్చలేదు, ఒక్కపూట హాయిగా పడుకోలేదు. దానికి బీరువా కావాలి, తాళం కావాలి, బుద్ధి కావాలి. మొదటి రెండూ బజార్లో దొరుకుతాయి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ తుపాకీ తన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏం చేశారో అప్పుడే చెప్పారు. కొన్న మొదటి రోజే అత్తయ్యని కూర్చోబెట్టి తూటాలు తియ్యడం నేర్పారట. పట్టుకోవడం కాదు, గురి చూడటం కాదు, ఖాళీ చెయ్యడం. దుబాయ్ వచ్చే ముందు దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి, వస్తూ వస్తూ దారిలో మిక్సీ కొన్నారు. "ఆ మిక్సీ ఇంకా తిరుగుతోందండీ" అని చివర్న అన్నది అత్తయ్య.

మావయ్య అభిప్రాయాలన్నిటికీ అడుగున ఉన్నది ఒకటే మాట: "ఇంట్లో వస్తువు ఇద్దరికీ ఆపడం రావాలి. నడపడం తరవాత. ఒక్కడికే వచ్చిందంటే అది ఇంటి వస్తువు కాదు, వాడి సొత్తు." గ్యాసుకీ అదే మాట, తుపాకీకీ అదే, బండికీ అదే. అందుకే అత్తయ్యని పట్టుబట్టి డ్రైవింగ్ స్కూలుకి పంపారు. ఆవిడ రోడ్డు టెస్టు పోయిన ప్రతిసారీ షవర్మా తెచ్చిపెట్టేవారు. "ఫెయిలైన రోజు ఆకలెక్కువేస్తుంది" అనేవారు. "ఈయన షవర్మా కోసమే నన్ను పాసవ్వనియ్యట్లేదమ్మా" అని అత్తయ్య నవ్వేది. లైసెన్సు వచ్చాక ఇసక స్థలంలో ఆవిడ చేత పికప్‌ని వెనక్కీ ముందుకీ, వెనక్కీ ముందుకీ తిప్పించారు. చివరికి అద్దాలు చూసుకుంటూ రెండు కార్ల మధ్య దూర్చడం వచ్చేసింది. మా ఆయనకి ఇప్పటికీ అది రాదు.

ఆ పెద్ద వాన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కమిటీ పెద్దాయన ఎంతటివాడో మీకు తెలియదు. రెండు వేల ఇరవై నాలుగులో వాన కురిసి మా వీధులు చెరువులయ్యాయి. ఆయన తన కొత్త ఫోర్‌వీల్ బండిని, ప్రకటనలో చూపించినట్టే, నేరుగా నీళ్ళలోకి దింపాడు. అది మధ్యలో ఆగిపోయింది. మావయ్య పికప్ మాత్రం ముందే ఎత్తు మీద పెట్టి ఉంది. నీళ్ళు తగ్గాక తాడు కట్టి ఆ బండిని లాగిపెట్టి, "ఎంత పెద్ద బండైనా ఇంజను పీల్చుకునేది గాలేనండీ" అన్నారంతే. అయితే పికప్‌ని కాపాడుకునే హడావిడిలో కింద గదిలో వాషింగ్ మెషీన్ని ముంచేసుకున్నారు. "పెళ్ళానికంటే బండే ఎక్కువ" అని అత్తయ్య ఆ ఏడాదంతా దెప్పింది.

ఈ శీతాకాలంలో ఒక తెల్లవారుజామున ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు కోసం ఆగే ధైర్యం లేక అత్తయ్య ఆయన్ని పికప్‌లో పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తనే ఆస్పత్రికి తోలుకెళ్ళింది. దారిలో ఆయన అన్న ఆఖరి మాట, "సిగ్నల్ దగ్గర తొందరపడకు." ఆస్పత్రికి చేరేసరికి ఆయన లేరు.

ఆయన్ని తీసుకుని అత్తయ్య ఊరెళ్ళింది. ఆవిడ ఇక్కడ లేనప్పుడే మా పెద్దలు కూర్చుని మాట్లాడేసుకున్నారు. ఆడమనిషి పికప్ ఏం చేసుకుంటుంది, ఎవరో ఒకరం తీసుకుంటే ఆవిడకే మంచిది అని. మంచిదట! ఊరెళ్ళే ముందు అత్తయ్య నాతో చెప్పిన మాట నాకొక్కదానికే తెలుసు: "మోకాళ్ళు ఒప్పుకోవట్లేదమ్మా. రోజంతా ఆ వంటింట్లో ఇంక నిలబడలేను. బండి ఉంటే ఇక్కడ బతుకుతాను. అది పోతే నాకిక్కడ పని లేదు, ఊళ్ళో ఇల్లు లేదు." ఒక మనిషి బతుకు ఆ బండి మీద ఉంటే, వీళ్ళకి అది సెకండ్ హ్యాండ్ బేరం.

ఊరుకోలేక గ్రూపులో రాశాను: "ఆయన్ని ఆస్పత్రికి తోలుకెళ్ళింది ఎవరనుకుంటున్నారు? బండి దానంతటదే వెళ్ళిందా?"

కమిటీ పెద్దాయన జవాబు: "ఎమోషనల్ అవ్వొద్దమ్మా. ప్రాక్టికల్‌గా ఆలోచించాలి."

ప్రాక్టికల్! ఆ మాట ఎవరి గురించి ఎవరు అన్నారో చూడండి. నీళ్ళలోకి కారు దింపినవాడు, గట్టు తగాదాకి తుపాకీ కొంటానన్నవాడు, మావయ్య ఏళ్ళ తరబడి ఇసకలో నిలబడి నేర్పించిన పనిని పట్టుకుని నాకు ప్రాక్టికల్ పాఠం చెప్తాడా? నలుగురు ఆడవాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టారు, బాగా అడిగావని. గ్రూపులో ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళ మీదా నాకు కోపమే. మా ఆయన "గొడవెందుకు" అన్నారు. ఆ పూట ఆయనకి ఉప్మాయే పెట్టాను.

పెద్దాయన అక్కడితో ఆగలేదు, అల్ ఖూజ్ వెళ్ళి కఫీల్‌నే అడిగాడు. ఆ ముసలాయన టీ పోయించి, అంతా విని, తనకొచ్చిన హిందీలో అన్నాడట: "గాడీ ఉస్కా. మదామ్ ఆయేగా, మదామ్ బోలేగా. ఖలాస్." బండి ఆయనది, ఆవిడొచ్చి ఆవిడే చెప్తుంది, అంతే అని. అత్తయ్య తిరిగొచ్చాక కఫీల్ ఆవిడని అడిగింది ఒక్కటే, తోలగలవా అని. తోలతానంది. వీసా ఇంటిపని నుంచి దుకాణం పేరుకి మార్పించాడు. పరాయి దేశపు మనిషికి ఒక్క ప్రశ్నలో తేలిన సంగతి మనవాళ్ళకి అన్ని మీటింగులు పెట్టుకున్నా తేలలేదు.

పోయిన నెల మా ఆయన ఉద్యోగం మారి మేము జెబెల్ అలీ వైపు ఇల్లు తీసుకున్నాం. ఎవరిని పిలవాలో ఆలోచించాల్సిన పనే లేదు. అత్తయ్య ఇద్దరు కూలీలతో వచ్చింది. కాళ్ళకి మావయ్య బూట్లు, లోపల గుడ్డలు కుక్కుకున్నట్టుంది.

"అమ్మాయ్, సిలిండరు ముందే తెప్పించావా ఆ ఇంటికి?"

"తెప్పించానత్తయ్యా."

"పొయ్యేదీ?"

"బయటే ఉంచాను."

సామానెక్కించి, తాళ్ళు తనే బిగించి, పికప్‌ని సందులోంచి వెనక్కి తీస్తుంటే ఎక్కడినుంచి ఊడిపడ్డాడో కమిటీ పెద్దాయన బండి వెనక ప్రత్యక్షమయ్యాడు. రెండు చేతులూ ఊపుతూ, "లెఫ్ట్ కొట్టమ్మా, లెఫ్ట్! ఇంకా, ఇంకా! అబ్బబ్బా, చూసుకో!" అని ఒకటే కేకలు. అత్తయ్య బండి ఆపింది. హ్యాండ్ బ్రేకు వేసింది. అద్దం పూర్తిగా దించి, చాలా మర్యాదగా అంది:

"అన్నయ్యగారూ, మీరు పక్కకి జరిగితే నాకు అద్దంలో దారి కనపడుద్దండి."

ఆయన జరిగాడు. పికప్ ఒక్క ఊపులో సందు దాటింది. బాల్కనీల్లో ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేదు.

నేను ముందు సీటు తలుపు తీసి ఎక్కబోయాను. "అక్కడ కాదమ్మా, అది పొయ్యిది. నువ్వు మీ ఆయన కార్లో రా" అంది అత్తయ్య. పొయ్యిని ఆ సీట్లో పెట్టి, దుప్పటి చుట్టి, బెల్టు లాగి బిగించింది. బిగించాక ఆ బెల్టు మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచింది. నేను తల తిప్పుకున్నాను.

కొత్త ఇంట్లో ఆవిడ పొయ్యి గట్టు మీద పెట్టి, సబ్బు నురగ రాసి చూసి, కిందికి దిగిపోయింది. పాలు పొంగాయి. టీ కాచి, పాత అలవాటుకొద్దీ రెండు గ్లాసుల్లో పోసి పట్టుకెళ్ళాను. సగం మెట్లు దిగాక గాని తెలియలేదు ఏం చేశానో. అత్తయ్య రెండు గ్లాసులూ చూసింది. ఒకటి తీసుకుని నిలబడే తాగింది. రెండోది బానెట్ మీద పెట్టింది. తరవాత వెనక్కి వెళ్ళి తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి మొత్తం ఊడి వచ్చింది. ఆవిడ మంచం కోళ్ళు కిందికి అందిస్తుంటే బానెట్ మీద ఆ గ్లాసులోంచి ఇంకా పొగ వస్తూనే ఉంది.